సవరణ: కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఈఎస్ఎల్ క్లాసులు

కాలిఫోర్నియాకు కొత్తగా వచ్చిన మనవాళ్ల కోసం ఇంతకుముందు పెట్టిన పోస్టులో, కమ్యూనిటీ కాలేజీలో ఏ ఈఎస్ఎల్ (ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకు నేర్పే ఇంగ్లీషు) క్లాసుకైనా యూనిట్‌కు 46 డాలర్లు కట్టాల్సిందేనని, కింది స్థాయి నుంచి అన్నీ పాసైతేనే కాలేజీ ఇంగ్లీషులోకి రానిస్తారని రాశాను. రెండూ తప్పే.

ఆ 46 డాలర్లు క్రెడిట్ కోర్సులకు, అంటే యూనిట్లు వచ్చేవాటికి, అదీ రాష్ట్ర నివాసులుగా లెక్కకొచ్చేవాళ్లకు. నాన్‌క్రెడిట్ ఈఎస్ఎల్‌కు ఎన్‌రోల్‌మెంట్ ఫీజే లేదు. యూనిట్లు రావు కానీ మాట్లాడటం, చదవడం, రాయడం అక్కడా నేర్పుతారు. ఫీజు చూసి ఇంట్లో ఎవరైనా ఆగిపోయి ఉంటే, దయచేసి కాలేజీకి ఫోన్ చేసి నాన్‌క్రెడిట్ క్లాసులు ఉన్నాయా అని అడగండి.

ఇక రెండోది, కింది స్థాయి నుంచి అన్నీ పాసవ్వాలన్నది. 2017లో చేసిన ఏబీ 705 చట్టం ప్రకారం, ఈఎస్ఎల్ విద్యార్థులు మూడేళ్లలో ట్రాన్స్‌ఫర్ స్థాయి (నాలుగేళ్ల యూనివర్సిటీకి మారినా లెక్కకొచ్చే) ఇంగ్లీషు పూర్తిచేసే అవకాశం వీలైనంత పెరిగేలా కాలేజీలు చూడాలి. మిగతావాళ్ల విషయంలో అది ఏడాది. ఇది కాలేజీ బాధ్యత. మూడేళ్లు దాటితే మనల్ని పంపించేస్తారని టెన్షన్ పడక్కర్లేదు. చట్టంలో ఉన్నదీ, కమ్యూనిటీ కాలేజీలను చూసే రాష్ట్ర చాన్సలర్ కార్యాలయం ఇచ్చిన వివరాలూ చూసి ఇది రాస్తున్నాను.

ట్రాన్స్‌ఫర్ స్థాయిలో మొదటి రైటింగ్ కోర్సుకు కాలేజీకో నంబరు ఉండేది. 2025 ఫాల్ నుంచి ఉమ్మడి నంబరు వచ్చింది: ఇంగ్లీష్ సి1000 (ENGL C1000). కేటలాగులో ఆ పేరుతో వెతకండి.