35 దాటితే మోక్షమే

మొన్న ఒక కుర్రాడు చాలా పద్ధతిగా ఒక ప్రశ్న అడిగాడు. వాళ్ల నాన్న బ్యాటరీ ఆటో నడుపుతాడు. బండి 48 వోల్టులు. ఎక్కినవాళ్లు ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి 5 వోల్టులు కావాలి, వోల్టేజ్ దింపి నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ఏది వేయాలి? అతను నోరు మూసేలోపే జవాబు వచ్చి పడింది. "7805 వేసేయ్ బ్రో. వేడెక్కితే పెద్ద హీట్‌సింక్ పెట్టు."

7805 అంటే 5 వోల్టులిచ్చే రెగ్యులేటర్ చిప్, హీట్‌సింక్ అంటే దాని వేడి లాగేసే లోహపు రేకు. ఈ జవాబిచ్చిన పెద్దమనిషిని తప్పుపట్టడానికి నేనెవర్ని? రోబో తయారు చేసినా 7805, రాకెట్ వదిలినా 7805 అని నమ్మిన జాతి మనది. ఇన్‌పుట్ ఎంత అని అడగడం వ్యక్తిగత విషయాల్లో తలదూర్చడం కిందికి వస్తుంది కాబట్టి, సంస్కారం ఉన్నవాళ్లెవరూ అడగరు. ఎంత కరెంట్ కావాలి అని అడగడం మరీ మర్యాద తప్పడం. మూడు కాళ్లున్నాయి, కొసన 05 అని రాసుంది, 5 వోల్టులు వస్తాయి. ఇంకేం కావాలి?

నిజానికి 7805 అమాయకురాలు. 1970ల నుంచి నమ్మకంగా చాకిరీ చేస్తున్న చిప్. పది, పదిహేను రూపాయలు పెడితే హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో దోసెడు కాకపోయినా ఒకటైతే వస్తుంది. దాని డేటాషీట్‌లో, అంటే తయారీ కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో, ఇన్‌పుట్‌కు 35 వోల్టులు అనే అంకె ఒకటుంటుంది. ఆ అంకె మీద 'అబ్సొల్యూట్ మాగ్జిమమ్' అని హెడ్డింగ్ ఉంటుంది. ఆ పట్టిక పక్కనే, ఇది దాటితే చిప్ శాశ్వతంగా పోవచ్చు, ఈ అంకె దగ్గర పనిచేస్తుందని మాత్రం మేం అనలేదు అనే అర్థంలో కంపెనీవాళ్లు ఒక ముక్క రాసుకుంటారు. మనవాళ్లు దీన్ని '35 దాకా తట్టుకుంటుంది' అని చదువుతారు. ఇంకొంచెం అనుభవం ఉన్నవాళ్లు '35 అని రాశారంటే 40 దాకా తట్టుకుంటుందిలే' అని చదువుతారు. పెళ్లి పత్రికలో ముహూర్తం ఎనిమిదింటికి అని ఉంటే పదింటికి బయల్దేరే అలవాటు అన్నిచోట్లా పనికిరాదని వీళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

పోనీ, 48 అన్నది 48 అయినా బాగుండును. ఆ ఆటోలో నాలుగు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు వరసగా ఉంటే, చార్జింగ్‌లో ఒక్కొక్కటీ 14.4 దాకా పోతుంది. మొత్తం 57.6. లిథియం అయితే 13 సెల్స్ వరస, నిండుగా చార్జ్ అయితే 54.6. అదృష్టవశాత్తూ మన 7805 సలహాదారుకు ఈ తేడాతో సంబంధం లేదు. 48 దగ్గరా పోతుంది, 57 దగ్గరా పోతుంది. ఫలితం ఒకటే అయినప్పుడు లెక్కలెందుకు?

సరే, ఏ మాయో జరిగి అది బతికిందే అనుకుందాం. ఫోన్ ఒక ఆంపియర్ లాగితే ఫోన్‌కు దక్కేది 5 వాట్లు. మిగిలిన సుమారు 50 వాట్లూ చిప్ ఒంట్లోంచి వేడిగా బయటికి రావాలి. అంటే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు రెండు, ప్రయాణికుడి మోకాలి దగ్గర, పొద్దస్తమానం. 'పెద్ద హీట్‌సింక్' అన్నారు కదా, నిజమే, ఆటో చాసిస్ మొత్తానికి బోల్టు వేసి బిగించాలి.

ఈ సలహాకు పోటీగా ఇంకో సలహా కూడా వచ్చింది. అంత వోల్టేజ్ ఎందుకు బ్రో, నాలుగు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 వోల్టులు లాగు, దానికి 7805 వేసేయ్. ఇందులో తెలివి ఉంది. ఆ ఒక్క బ్యాటరీ మిగతా మూడింటికన్నా రోజూ కొంచెం ఎక్కువ ఖాళీ అవుతుంది. చార్జర్‌కు మాత్రం నాలుగూ ఒకటే, మొత్తం వోల్టేజ్ చూసి చాలనుకుని ఆగిపోతుంది. కొన్నాళ్లకు ఆ బ్యాటరీ సగం చార్జ్‌తోనే కాలం వెళ్లదీస్తూ సల్ఫేట్ పట్టి, మిగతా మూడింటినీ లాక్కుని పోతుంది. పది రూపాయల చిప్ మిగిల్చామన్న తృప్తితో ఆ నాన్న నాలుగు బ్యాటరీలు కొనుక్కుంటాడు.

మూడో వర్గం మేధావులు ఎల్‌ఎం317 వాళ్లు, అంటే అవుట్‌పుట్ వోల్టేజ్ మనకు కావాల్సినట్టు మార్చుకునే రెగ్యులేటర్ వాళ్లు. వీళ్లతో జాగ్రత్తగా మాట్లాడాలి, వీళ్లు డేటాషీట్ సగం చదివారు. బాబ్ డాబ్కిన్ అనే ఇంజినీరు నేషనల్ సెమీకండక్టర్ కంపెనీలో ఉండగా చేసిన ఆ చిప్‌కు గ్రౌండ్ కాలు, అంటే సున్నా వోల్టుల కాలు, లేదు, ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య తేడా మాత్రమే దానికి తెలుసు, ఆ తేడా 40 వోల్టులు దాటకూడదు. ఇంతవరకూ నిజమే. కాబట్టి 57 ఇచ్చి 24 తీసుకుంటే తేడా 33, హాయిగా ఉంటుంది అంటారు. స్విచ్ వేసిన క్షణంలో అవుట్‌పుట్ కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది కదా స్వామీ, అప్పుడు తేడా ఎంత? అవుట్‌పుట్ వైరు ఎక్కడో షార్ట్ అయితే ఎంత? అప్పుడు 57 మొత్తం దాని మీదే. ఈ ముక్క డేటాషీట్ రెండో సగంలోకి వస్తుంది.

ఇక కాలేజీ ప్రాజెక్ట్ ఎక్స్‌పో గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి సార్థకత లేదు. ఊహించుకోండి. ఊహించక్కర్లేదు, మీరూ చూసే ఉంటారు. బ్యానర్ మీద 'సోలార్ పవర్డ్ స్మార్ట్ అగ్రికల్చర్'. బల్ల మీద తులసి మొక్క, తడి సెన్సర్, ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు, పక్కన గోడకు ఆనించిన 72 సెల్స్ పెద్ద ప్యానెల్. దాన్ని బజార్లో 24 వోల్టుల ప్యానెల్ అంటారు. లోడ్ లేకుండా ఎండలో పెడితే 45 దాకా చూపిస్తుంది. అదీ 25 డిగ్రీల దగ్గర. చలి పెరిగే కొద్దీ ప్యానెల్ వోల్టేజ్ పెరుగుతుంది, కాబట్టి ఆదిలాబాద్‌లో జనవరి పొద్దున అయితే ఇంకా పైకి పోతుంది. 7805 పెట్టారు, పోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ పోయింది. అప్పుడు టీమ్ లీడర్‌కు జ్ఞానోదయమైంది. ఒక్కసారిగా 45 నుంచి 5కి దింపితే పాపం అది తట్టుకోలేదు, మెట్టు మెట్టుగా దింపాలి. 7824, దాని తర్వాత 7818, 7815, 7812, 7809, ఆఖర్న 7805. చివరి రెండంకెలు ఎన్ని వోల్టులిస్తుందో చెప్తాయి, అలా కుటుంబం మొత్తాన్నీ వయసు వరసన నిలబెట్టారు. ఒక్కొక్కరికీ ఒక హీట్‌సింక్. ఆ హీట్‌సింక్‌లను చల్లబరచడానికి పాత కంప్యూటర్ ఫ్యాన్. ఆ ఫ్యాన్‌కు కరెంట్ ఎక్కణ్ణుంచి? 7812 నుంచి.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగాడు, ఎఫిషియెన్సీ ఎంత బాబూ అని. "సోలార్ సార్, గ్రీన్ ఎనర్జీ సార్." నిజం జవాబు పదకొండు శాతం. 45 లోపలికి పోతుంది, 5 బయటికి వస్తుంది, మధ్యలో ఎంతమంది అన్నదమ్ములు పంచుకున్నా కాలే మొత్తం మారదు. 7805 లాంటి లీనియర్ రెగ్యులేటర్‌లో లోపలికి ఎంత కరెంట్ పోతే దాదాపు అంతే బయటికి వస్తుంది, మిగిలిన వోల్టేజ్ అంతా వేడే. ఎగ్జామినర్ ఇది అడిగి ఉండొచ్చు. టీ వచ్చింది.

అసలు హాల్లో ట్యూబ్‌లైట్ల కింద ఆ ప్యానెల్ ఏమీ ఇవ్వదు కాబట్టి, బల్లగుడ్డ కింద 24 వోల్టుల అడాప్టర్ ఒకటి నిశ్శబ్దంగా సౌరశక్తిని సరఫరా చేస్తోంది. అంతా సజావుగా నడుస్తోంది. ఇంతలో హెచ్‌ఓడీ గారికి ముచ్చటేసింది. చీఫ్ గెస్ట్ వచ్చారు, బయట ఎండలో పెట్టి చూపించండి అన్నారు. పదకొండు గంటల ఎండ. అడాప్టర్ పీకి ప్యానెల్ తగిలించారు. 45 వోల్టులు నేరుగా పెద్దన్న 7824 మీద పడ్డాయి. ఈ చిప్‌లు చచ్చేటప్పుడు చాలాసార్లు లోపలి ట్రాన్సిస్టర్ షార్ట్ అయి పోతాయి. అంటే ఇన్‌పుట్ యథాతథంగా కిందివాడికి ఆస్తిగా సంక్రమిస్తుంది. పెద్దన్న పోయాడు, 7818 పోయాడు, 7815 పోయాడు. ఫ్యాన్ ఒక్క క్షణం విమానంలా తిరిగి ఆగింది. చివరికి ఈఎస్‌పీ32 దాకా వచ్చి, ఫోన్‌లో యాప్ 'మట్టిలో తడి 0%' అని చూపించింది. బల్ల మీంచి పొగ లేచింది. చీఫ్ గెస్ట్ ముచ్చటపడి, "పురుగుమందు కూడా ఇదే కొడుతుందా?" అని అడిగారు. టీమ్ లీడర్ కంగారుపడలేదు. "ఫ్యూచర్ స్కోప్ సార్."

చప్పట్లు.

ఈ పిల్లల మీద నాకు కోపం లేదు. నాలుగేళ్లు చదివించి, డేటాషీట్ అనే పత్రం ఒకటుంటుందని, అందులో మొదట చూడాల్సింది ఇన్‌పుట్ గరిష్ఠం అని ఒక్క గంట కూర్చోబెట్టి చెప్పని వాళ్ల సంగతి వేరే.

ఇందులో కాస్త ముందుకు వెళ్లినవాళ్లు వోల్టేజ్‌ను వేడిగా కాల్చకుండా చకచకా ఆన్ ఆఫ్ చేస్తూ దింపే స్విచింగ్ మాడ్యూల్ దగ్గరికి వస్తారు. ఎల్‌ఎం2596, నీలం బోర్డు, దేశంలో 7805 తర్వాత అంతమంది భక్తులున్నది దీనికే. ఇది 40 వోల్టుల దాకా. ఆటోకు చాలదు. అప్పుడు 'హెచ్‌వీ, 60 వోల్టులు' అని రాసున్న బోర్డు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కొన్నింటి మీద ఇన్‌పుట్ కెపాసిటర్ వంక చూస్తే 50 వోల్టులు అని ఉంటుంది. 60 అన్నది చిప్ ఆశయం, 50 అన్నది కెపాసిటర్ వాస్తవం అనుకోవాలి. చిప్ కూడా అసలుదైతేనే. 150 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ కావాల్సింది 50 దగ్గర కొట్టుకుంటూ ఉంటే, పైన లేజర్‌తో ఎవరి పేరు చెక్కినా ఒకటే.

అసలైన 60 వోల్టుల చిప్ ఉంది, ఎల్‌ఎం2576 హెచ్‌వీ. 57.6 కన్నా 60 పెద్దది కదా, అయిపోయింది అనుకుంటారు. పొడవాటి వైరుతో, బోర్డు మీద సిరామిక్ కెపాసిటర్ ఉండగా, బ్యాటరీ కనెక్టర్ టక్కున తగిలిస్తే ఆ క్షణంలో చిప్ దగ్గర వోల్టేజ్ రెట్టింపుకు దగ్గరగా ఎగిరి పడుతుంది. ఒకటి రెండు సార్లు బతికి, మూడోసారి తగిలించినప్పుడు 'నిన్నటిదాకా బాగానే ఉంది' అనిపించుకునే చావు ఇదే. పక్కనే ఒక మామూలు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ పెడితే ఈ ఎగురుడు చాలావరకు అణుగుతుంది. ఎగిరే వోల్టేజ్‌ను పట్టి ఆపే టీవీఎస్ డయోడ్ పెడతాం అంటారా, 58 వోల్టులకు అమ్మే ఎస్‌ఎంబీజే58ఏ పూర్తి దెబ్బ తగిలినప్పుడు 93.6 దగ్గర గానీ పట్టుకోదు. అంటే చిప్ 100 వోల్టులదై ఉండాలి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌వి ఎల్‌ఎం5164, ఎల్‌ఎం5017 ఇలాంటివే. 48 వోల్టుల బ్యాటరీకి 100 వోల్టుల చిప్ అంటే దుబారా అనుకునేవాళ్లు ఆటోలో నాలుగు బ్యాటరీల ధర ఒకసారి కనుక్కోవచ్చు. కావాల్సింది కొద్ది మిల్లీఆంపియర్లే అయితే ఎల్‌ఆర్8 అని 450 వోల్టుల దాకా తీసుకునే చిన్న లీనియర్ చిప్ కూడా ఉంది, 10 మిల్లీఆంపియర్లే ఇస్తుంది, ఆ పని అది చక్కగా చేస్తుంది. ఇదంతా చెప్పడానికి ముందు రెండే ప్రశ్నలు కావాలి, నిజంగా గరిష్ఠ వోల్టేజ్ ఎంత, కరెంట్ ఎంత. ఆ రెండూ అడగడానికి పట్టే సమయంలో మన సలహాదారు ఇంకో అయిదుగురికి 7805 వేయించేస్తాడు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. చిప్ పోతే పదో వందో పోతుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కనిపించే వీడియోల సంగతి. 'ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 230 నుంచి 5 వోల్టులు, ఖర్చు 20 రూపాయలు, స్కూల్ ప్రాజెక్ట్!' ఒక కెపాసిటర్, నాలుగు డయోడ్లు, ఒక జీనర్ డయోడ్, ఆఖర్న, ఊహించారుగా, 7805. వీడియో చేసేవాడు ప్లగ్ పెడతాడు, ఎల్‌ఈడీ వెలుగుతుంది. ఆ సర్క్యూట్‌కూ గోడలోని కరెంట్‌కూ మధ్య ఏ అడ్డూ లేదు. అది 5 వోల్టులే, తన గ్రౌండ్‌తో పోలిస్తే. భూమితో పోలిస్తే, తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడ్డ ఎనిమిదో తరగతి పిల్లాడితో పోలిస్తే, ఎంత? ఆ అంకె అతనికి ఎవడూ చెప్పడు. పక్కనే యూఎస్‌బీ సాకెట్ బిగించి 'మొబైల్ కూడా చార్జ్ చేసుకోవచ్చు ఫ్రెండ్స్' అంటాడే, ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది? ఎవరి చెవి దగ్గర ఉంటుంది? గోడ కరెంట్ నుంచి పూర్తిగా విడిగా ఉంచి, సీల్ చేసిన 5 వోల్టుల మాడ్యూల్, హై-లింక్ పీఎం01 లాంటిది, కొన్ని వందల రూపాయలు. ఆ కొన్ని వందలు మిగుల్చుకోవడం ఎలాగో పిల్లలకు నేర్పుతున్నావా నువ్వు? సిగ్గుండాలి. తెలియక చేస్తే తీసెయ్. తెలిసి చేస్తుంటే నీకు ఏ తిట్టూ చాలదు.

వీడియో చివర మల్టీమీటర్ చూపిస్తావుగా, రెండు ప్రోబులూ అవుట్‌పుట్ మీదే పెట్టి, 'చూడండి, సేఫ్, 5 వోల్టులే' అని. మీటర్‌ను ఏసీకి మార్చు. ఒక ప్రోబు అక్కడే ఉంచి, రెండోది తీసి సాకెట్ ఎర్త్‌లో పెట్టు. ప్లగ్ తిప్పి పెట్టి ఇంకోసారి చూపించు. కెమెరా ఆపకు.