పిల్లాడు బంతి వైపు చూడట్లేదు, కోచ్ మొహం వైపు చూస్తున్నాడు

ఆటలాడితే పిల్లలకి జీవితంలో పనికొచ్చే నేర్పు అబ్బుతుందని మైకు దొరికిన ప్రతివాడూ చెప్తాడు. ఎలా అబ్బుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

మొన్న మావాడి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లాను. అందరూ పదేళ్ల పిల్లలు. గీత అవతల కోచ్ గారు గొంతు చించుకుంటున్నారు: "పాస్ ఇవ్వరా! వెనక్కి రా! కొట్టు, కొట్టు!" బంతి మావాడి కాళ్ల దగ్గరికొచ్చింది. ఎడమ పక్క తోటి పిల్లాడు ఖాళీగా ఉన్నాడు. మావాడు అటు చూడలేదు, కోచ్ మొహం చూశాడు. ఈలోపు బంతి పోయింది. తిట్లు వాడికే పడ్డాయి. (నేనేం తక్కువ తినలేదు. "చూసుకోవాలి కదరా!" అని ఇవతల్నుంచి నేనూ అరిచాను.)

ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నైపుణ్యాలంటూ 10 చెప్పింది. నిర్ణయం తీసుకోవడం, ఒత్తిడి తట్టుకోవడం అందులోవే. ఆ మ్యాచ్ మొత్తంలో మావాడు సొంతంగా తీసుకున్న నిర్ణయం ఒక్కటి చూపించండి. షూ లేసు కూడా కోచ్ చెప్తేనే కట్టుకున్నాడు!

అల్టిమేట్ అని ఒక ఆట ఉంది. 1968లో అమెరికాలో హైస్కూల్ పిల్లలు మొదలెట్టారు. పళ్లెం లాంటి ప్లాస్టిక్ డిస్క్ విసురుకుంటూ ఆడతారు. ప్రపంచ పోటీల్లో కూడా తీర్పు చెప్పే రెఫరీ ఉండడు. ఫౌల్ జరిగితే ఆటగాళ్లే చెప్పాలి, ఆటగాళ్లే తేల్చుకోవాలి. ఇద్దరికీ పొసగలేదా, డిస్క్ విసిరినవాడి చేతికి వెనక్కెళ్తుంది, ఆట సాగుతుంది. అయ్యాక ఒక జట్టు ప్రవర్తనకి ఇంకో జట్టు మార్కులేస్తుంది. 5 అంశాలు, ఒక్కోదానికి 4 మార్కుల దాకా. ఓడిపోయి ఏడుపు దిగమింగుకుంటూ గెలిచినవాళ్లకి న్యాయంగా మార్కులెయ్యాలి. పెద్దవాళ్లం మనమెంతమంది వేస్తాం?

అందరూ ఆ ఆటే ఆడాలని కాదు. డాన్ హెలిసన్ అనే వ్యాయామ విద్యా ఆచార్యుడు 1970ల నుంచే మామూలు ఆటలతోనే ఈ పని చేశాడు. పిల్లల చేతికే బాధ్యత ఇచ్చేవాడు, ఆట అయ్యాక కూర్చోబెట్టి మాట్లాడించేవాడు. ఆయన పెట్టుకున్న మెట్లు 5. ఎదుటివాణ్ని గౌరవించడంతో మొదలు. ఆఖరి మెట్టు, నేర్చుకున్నది మైదానం బయట వాడటం. మన దగ్గర మ్యాచ్ అవగానే పిల్లల్ని బండెక్కించేస్తాం.

ఇదంతా కోచ్ గారితో అన్నాను. మ్యాచ్‌లో ఒక్క సగం మీరు నోరు మెదపకుండా ఉండి చూడండి సార్ అని అడిగాను.

"ఉంటాను. ఓడిపోతే మళ్లీ మీరే వచ్చి నన్ను అడుగుతారు" అన్నారాయన.

కిందటి నెల ఓడిపోయినప్పుడు వెళ్లి అడిగింది నేనే.