మంట అమ్మకు లేదు

ఉగాది నాడు మన హెల్త్ క్యాంపులో పెద్దవాళ్లందరికీ, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమోనని, రంగు మారే కాగితప్పట్టీతో యూరిన్ స్ట్రిప్ పరీక్ష చేశారు. ఉద్దేశం మంచిదే. స్ట్రిప్ రంగు మారినవాళ్ల పిల్లల్ని పిలిచి, "రేపే యాంటీబయాటిక్ మొదలుపెట్టించండి" అన్నారు. మా అమ్మ వంతు వచ్చేసరికి, చేతిలో పచ్చడి గ్లాసుతో నిలబడ్డ ఒకాయన, "నర్సింగ్ హోమ్‌లో పెడితే ఇంతే మరి" అన్నారు. నాకింకా నోరు చేదుగానే ఉంది.

ఏ బాధా లేకుండానే యాంటీబయాటిక్ వేయించే ఆ తప్పు నేను రెండేళ్ల కిందటే చేశాను. ఓ మధ్యాహ్నం అమ్మ నన్ను పట్టుకుని "తమ్ముడూ, ఎప్పుడొచ్చావురా?" అంది. డైపర్ వాసన కూడా ఘాటుగా అనిపించింది. జ్వరం లేదు, మంట లేదు, నీళ్లు పట్టించి ఒక రోజు చూద్దామంది నర్సు. నేను ఊరుకుంటేనా! గొడవపడి మందు రాయించాను. మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్షలో బాక్టీరియా కనిపిస్తే గెలిచినట్టే ఫీలయ్యాను. ఐదో రోజు విరేచనాలు పట్టుకున్నాయి. సి-డిఫ్, అంటే యాంటీబయాటిక్ వాడాక పేగులకు పట్టుకునే ఇన్ఫెక్షన్. అమ్మ మూడు వారాలు మంచం దిగలేదు. ఇంతకీ ఆ తికమక, నిద్ర పట్టడం లేదంటే నేనే చాటుగా తెచ్చిచ్చిన, మత్తు కలిగించే అలర్జీ మాత్ర వల్లట.

నర్సింగ్ హోముల్లో ఉండే ఆడవాళ్లలో 25 నుంచి 50 శాతం మందికి, మగవాళ్లలో 15 నుంచి 40 శాతం మందికి ఏ బాధా లేకుండానే మూత్రంలో బాక్టీరియా ఉంటుంది. చీము కణాలూ కనిపిస్తాయి. మందు వేసినా లాభం లేదు, మళ్లీ వస్తుంది. అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాలూ ఇదే చెబుతున్నాయి: తికమకపడ్డా, కిందపడ్డా, జ్వరమో మూత్రంలో మంటో లేకపోతే వేరే కారణం వెతకండి, కనిపెట్టుకుని ఉండండి. గర్భిణులు, కొన్ని మూత్రనాళ ఆపరేషన్లకు వెళ్లేవాళ్ల సంగతి వేరు. చలిజ్వరమో మంటో వస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు.

మా ఊళ్లో మందుల షాపాయన, అమ్మ పేరు చెబితే చాలు, రెండు మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేవాడు. దాన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. డాక్టరు మందు రాయకుండా ఊరికే ఉంటే పట్టించుకోనట్టేనని నాలోనూ నాటుకున్నది ఆ పొట్లమే.

క్యాంపు కమిటీవారికి ఒక్కటే మనవి. సంక్రాంతి క్యాంపులో ఆ స్ట్రిప్ టేబుల్ తీసేయండి. మనలో ఫార్మసిస్టులకు కొదవా? ఒకరిని కూర్చోబెట్టి పెద్దవాళ్ల మందుల సంచి మొత్తం విప్పి చూడమనండి. నీళ్లు ఎన్ని తాగుతున్నారో అడగమనండి. మా అమ్మ సరిగా తాగదు. బాత్రూంకి తీసుకెళ్లడానికి మగ అటెండర్ వస్తాడేమోనని బెల్ కొట్టదు. ఆ సంగతి నాకు చెప్పడానికి ఆమెకు ఏడాది పట్టింది.