ఆ తెల్లపొడి విభూతి కాదు నాయనా

పొద్దున్నించి ఇది నాలుగోసారి. పాత మెటల్ ఫాంటసీ మినియేచర్ల (మాంత్రికులు, గోబ్లిన్ దెయ్యాలు, డ్వార్ఫ్ మరుగుజ్జులు లాంటి కల్పిత పాత్రల చిన్న లోహపు బొమ్మలు, వీటికి మనమే రంగులేసుకుంటాం) గురించి "మీ అటక మీద లక్షలు దాగున్నాయి" అంటూ ఒక మెసేజ్ మా తిరుపతి గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. చివరికి మా బావమరిది కూడా పంపాడు. ఆయన బ్రష్ పట్టింది ఇంటికి సున్నం వేసినప్పుడు మాత్రమే. అందుకే ఒక్కసారి రాసి పెడుతున్నా, ఇకమీదట ఎవరు పంపినా ఇదే తిరిగి పంపుతా.

"1990కి ముందు బొమ్మలన్నీ లక్షలు పలుకుతాయి." పలకవు. చెయ్యి విరిగిన గోబ్లిన్ ఎన్నేళ్లయినా చెయ్యి విరిగిన గోబ్లినే.

"రాల్ పార్థా మన దేశపు కంపెనీ, అర్జునుడి పేరు." ఈ బొమ్మలు పోసిన ఆ కంపెనీ 1975లో అమెరికాలో, సిన్సినాటిలో మొదలైంది. అర్జునుడు అటు వెళ్లిన దాఖలా లేదు.

"పాత రంగు పోవాలంటే ఏ బొమ్మనైనా థిన్నర్‌లో నానబెట్టొచ్చు." మెటల్ అయితే సరే. ప్లాస్టిక్ బొమ్మను వేసి చూడండి, తెల్లారేసరికి చూయింగ్ గమ్ దొరుకుతుంది.

ఇక అసలు ఘోరం. "బొమ్మ మీద తెల్లపొడి ఉంటే అది ఒరిజినల్ అని గుర్తు. కడగొద్దు, పొడిబట్టతో తుడవండి. మెరుపు కావాలంటే రాత్రంతా వెనిగర్‌లో గానీ చింతపండు పులుసులో గానీ ఉంచండి."

అయ్యా, ఆ కాలపు మినియేచర్లలో చాలావరకు తగరంలో సీసం కలిపి పోసినవి. 1990ల్లో గానీ కంపెనీలు సీసం మానుకోలేదు. చెక్క అలమారాలో మూసిపెడితే చెక్క నుంచి వచ్చే పుల్లటి ఆవిరీ, గాలిలో తేమా కలిసి సీసాన్ని తినేస్తాయి. మిగిలే పొడి విషం. పొడిబట్టతో తుడిస్తే నేరుగా ముక్కులోకే.

మా ఇంట్లో ప్లైవుడ్ అలమారాలో ఒక మాంత్రికుణ్ణి పెట్టి రెండేళ్లు మరిచిపోయాను. నవంబరు వానలయ్యాక తీస్తే గడ్డం, టోపీ బాగానే ఉన్నాయి. చేతికర్ర మాత్రం వేలు తగలగానే బూడిదలా రాలింది. పక్కనున్న మా అమ్మ విభూతి అనుకుని వేలికి అద్దుకుంది. నుదుటి దాకా వెళ్లిన చెయ్యి పట్టుకుని ఆపాను.

వెనిగర్ సంగతి ఇంకా గొప్పది. పూర్వం తెల్లరంగు కోసం ఈ తెల్లపొడినే, అంటే తెల్లసీసాన్ని, ఎలా చేసేవాళ్లో తెలుసా? సీసపు రేకులను వెనిగర్ కుండల మీద పెట్టి, చుట్టూ పేడ పేర్చి, నెలల తరబడి వదిలేసేవాళ్లు. అంటే ఈ మహానుభావుడు రోగానికి మందు చెప్పడం లేదు, రోగాన్ని తయారుచేసే విధానం చెబుతున్నాడు. పేడ ఒక్కటే మరిచిపోయాడు. చింతపండు దీపపు కుందులకు వాడుకోండి. సీసం నానబెట్టిన గిన్నెలోనే మర్నాడు రసం కాస్తారేమోనని నా టెన్షన్.

పొడి కనిపిస్తే గ్లౌజులు, మాస్కు వేసుకుని, సబ్బునీళ్లలో తడిగా ఉంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఆ బ్రష్ పారేయండి. బాగా ఆరాక ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగుపూత) కొట్టి, సిలికా జెల్ పొట్లాలతో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. "ప్రైమర్ దండగ" అని కూడా రాశాడు. వదిలేద్దాం.

చివరి పాయింటు: "రంగు బ్రష్‌ను నాలుకతో మొన తేల్చకండి." ఇది మాత్రం ముమ్మాటికీ నిజం. కాకపోతే పదిహేనేళ్లుగా నేను నాలుకతోనే మొన తేలుస్తున్నా, నిన్న రాత్రి డ్వార్ఫ్ కనుబొమ్మ గీస్తూ కూడా. మా ఆవిడ ఆ ఒక్క లైనుకు స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది.