వెనకవైపు లేని తువ్వాలు

మొన్న ఆదివారం బుర్సాలో మా ఆయన కొలీగ్ వాళ్లింటికి భోజనానికి వెళ్లాం. భోజనం సంగతి వదిలేయండి, బ్రహ్మాండంగా ఉంది. చేతులు కడుక్కున్నాకే నా కష్టాలు మొదలయ్యాయి.

తువ్వాళ్లకు టర్కీ అంతటా పేరుమోసిన ఊరు బుర్సా. అలాంటి ఊళ్లో, ఆ బాత్రూంలో వేలాడుతున్నది ఒక్కటే బట్ట. దాన్ని పెష్కిర్ అంటారు. సన్నటి నారబట్ట, రెండు కొసల్లోనూ పట్టుదారంతో, జరీతో తులిప్ పూలు, కార్నేషన్లు, దానిమ్మకాయలు. పూర్వం అక్కడి ఆడపిల్లలు పెళ్లికి ముందే ఇలాంటివి కుట్టి దాచుకుని, బొహ్చా అనే గుడ్డలో మూటకట్టి అత్తారింటికి తెచ్చుకునేవారు. ఇది ఆ ఇంటి పెద్దావిడ పెళ్లి నాటిదని ఇందాకే విన్నాను. నీళ్లోడుతున్న చేతులతో దాన్నెలా ముట్టుకుంటాం?

సరే, వెనకవైపు తుడుచుకుందాం అనుకున్నా. జాకెట్టు మీద మగ్గం వర్క్ ఎంత ఘనంగా ఉన్నా, లోపల ముళ్లూ దారప్పోగులే కదా, అక్కడెవరు చూస్తారు? మోచేత్తో తిప్పాను. అవే తులిప్‌లు. మళ్లీ తిప్పాను. అవే దానిమ్మకాయలు. పోగులు లెక్కపెట్టి రెండువైపులా ఒకేలా వచ్చేలా కుడతారట, ముడి కూడా కనబడనివ్వరట! తువ్వాలు వెనక ఎవరు చూస్తారని అంత పట్టుదల? సుల్తానులు భోంచేశాక తువ్వాళ్లు తిరగేసి చూసేవారా? మధ్యలో ఖాళీ బట్ట ఉంటుంది గానీ, కుట్టు బాగా కనబడాలని దాన్ని లోపలికి మడిచి పిన్ను పెట్టేశారు. చీరకు తుడుచుకుందామంటే కట్టింది పట్టుచీర.

గతిలేక చేతులు ముందుకు చాచి హాల్లోకి వచ్చాను. పెద్దావిడ ముఖం వెలిగిపోయింది. పరుగున వెళ్లి సీసా తెచ్చి నా దోసిట్లో నిమ్మవాసన కొలోన్యా, అదే స్పిరిట్ కలిసిన సెంటునీళ్లు, పోశారు. అతిథులకు అది అక్కడి మర్యాద. కాదు కాదు అని తలూపి, తుడుచుకున్నట్టు రెండు చేతులూ రుద్ది చూపించాను. కొలోన్యా రాసుకునేదీ అచ్చం అలాగేనట. మళ్లీ పోశారు. పొద్దున కూరలు తరుగుతూ వేలు కోసుకున్నానా, అక్కడ భగ్గుమంది. ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటే, వాసన చూసి మురిసిపోతున్నాననుకుని ఇంకాస్త పోశారు.

ఇంతలో ఈయన బాత్రూంలోంచి ముఖం, మెడ, చెవుల వెనకాల శుభ్రంగా తుడుచుకుని వచ్చి, "ఆ తువ్వాలు భలే ఉందండీ" అన్నారు. పిన్ను ఏం చేశారో నేనడగలేదు. ఆవిడ కొడుకు ఆ ముక్క టర్కిష్‌లో చెప్పగానే పెద్దావిడ కళ్లు చెమర్చాయి. బయల్దేరేటప్పుడు బీరువా తీసి, తన చేత్తో కుట్టిన చిన్న చదరపు రుమాలు ఒకటి ఈయన చేతిలో పెట్టారు. నాకు లీటరు కొలోన్యా.

కారెక్కాక, "ఆ సెంటు నీకంత నచ్చిందా?" అన్నారీయన.

ఇస్తాంబుల్ దారిలో ఎక్కడో ఉన్న ఉస్మాన్‌గాజీ వంతెన దాటేదాకా నేను నోరు విప్పలేదు.