పంచమం పైకి రానంటోంది

(విజయనగరంలో ఒక ఇల్లు. చాప మీద ఫిడేలు, దాని ఎదుట రాజ్యలక్ష్మి. కటింగ్ ప్లేయరు, కొబ్బరినూనె సీసా పట్టుకుని, విద్యుత్తు శాఖలో పదవీ విరమణ చేసిన భర్త జగన్నాథం.)

రాజ్యలక్ష్మి: ఆ సీసా అక్కడే ఉంచండి. నూనె పోయడానికి ఇదేమీ మన వీధి గేటు కాదు. చెక్కలోకి ఇంకిందంటే మళ్లీ బయటకు రాదు.

జగన్నాథం: ఒక్క చుక్క చాలునే. తీగ శ్రుతిని కాస్త కాస్త సవరించే ఈ ఫైన్ ట్యూనర్ మరను ఎంత తిప్పినా సన్న తీగ పంచమ స్వరానికి చేరడం లేదంటే, లోపల తుప్పు పట్టిందన్నమాటే.

రాజ్యలక్ష్మి: తుప్పూ లేదు, గిప్పూ లేదు. మనవరాలు ఐదున్నర శ్రుతిలో పాడుతుంటే, తీగ దిగిపోయినట్టు మీ చెవికి తోచినప్పుడల్లా, నేను వంటింట్లో ఉన్న సమయం చూసి ఆ మరను కాస్త కాస్త బిగిస్తూ వచ్చారు. అది ఇప్పుడు అడుగంటా దిగిపోయి, ఇక తిరగడానికి చోటు లేక నిలిచిపోయింది. తీగల కొసలు తగిలించిన ఈ టెయిల్‌పీస్ కిందకు తొంగి చూడండి.

జగన్నాథం: (కళ్లద్దాలు సవరించుకుని) ఇనుప మీట ఒకటి చెక్కను తాకుతోంది. వార్నిష్ మీద గీత కూడా పడింది. అది పిల్లి పనే అయి ఉంటుంది.

రాజ్యలక్ష్మి: అంత సందులో దూరగలిగిన పిల్లి మన పేటలో పుట్టలేదు. మర పైనుంచి నొక్కిన కొద్దీ మీట ఒక కొస ఫిడేలు పొట్ట వైపు దిగుతుంది, రెండో కొస తీగను వెనక్కు లాగుతుంది. ఉక్కు తీగ కనుక వెంట్రుకవాసి లాగినా స్వరం మారిపోతుంది. ఆ వెంట్రుకవాసి కోసమే ఈ మర. అంతకు మించి శ్రుతి పెంచాలంటే, తీగ రెండో కొస చుట్టిన బిరడ ఉంది.

జగన్నాథం: అయితే నాలుగు తీగలూ వదులు చేసి, మొత్తం విప్పి చూద్దాం.

రాజ్యలక్ష్మి: నాలుగూ ఒకేసారి వదిలితే తీగలను మోసే బ్రిడ్జి పడిపోతుంది, లోపల నిలబెట్టిన సౌండ్ పోస్ట్ అనే కర్ర కూడా పడిపోవచ్చు. ఆ తరువాత దానిని నిలబెట్టేవారి కోసం ఊరంతా తిరగాలి.

జగన్నాథం: 1919లోనే మహారాజావారు సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టిన ఊరు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు పాఠం చెప్పిన ఊరు. ఇక్కడ మనిషి దొరకడా?

రాజ్యలక్ష్మి: అక్కడ ఫిడేలు నేర్పుతారు గాని, మీరు బిగించినవి విప్పిపెట్టరు. (సన్న తీగ బిరడను మాత్రమే వదులు చేసి, వేళ్లతో మరను పైకి తిప్పుతుంది.) లాగుడు తగ్గింది కనుక ప్లేయరు అవసరం లేకుండానే వచ్చింది. మర కొంచెం బిర్రుగా తిరుగుతోంది. మీ జేబులోని పెన్సిల్ ఇలా ఇవ్వండి.

జగన్నాథం: అది 2బి. పదకేళి కోసం చెక్కి పెట్టుకున్నాను.

రాజ్యలక్ష్మి: మెత్తటి పెన్సిలైతే మరీ మంచిది, నూనె లేకుండానే మర జారుతుంది. (మర చుట్లకు పెన్సిల్ రుద్ది, తిరిగి ఎక్కించి, సగంలో ఆపుతుంది. బిరడ తిప్పుతూ, రెండో చేత్తో బ్రిడ్జి ముందుకు ఒరగకుండా సరిచూస్తూ పంచమం చేరుస్తుంది. కమాను వేస్తే ఝుమ్మని ఒక రొద.)

జగన్నాథం: ఆగు. ఎక్కడ రొద వినబడితే అక్కడొక నట్టు వదులైనట్టే. అదిగో, మర మెడలో ఉన్న గుండ్రటి నట్టు కదులుతోంది. (వేళ్లతో బిగిస్తాడు. రొద ఆగుతుంది.) ఏమంటావు?

రాజ్యలక్ష్మి: ఈ ఒక్కటీ ఒప్పుకుంటాను. (శ్రుతిపెట్టె మీట నొక్కి, కమాను వేసి, ముఖం చిట్లిస్తుంది.) పంచమానికి పంచమం, షడ్జానికి షడ్జం తమలో తాము చక్కగా కలిశాయి, ఈ పెట్టెతో మాత్రం నాలుగు తీగలూ తక్కువగానే పలుకుతున్నాయి. దీని పక్కనున్న సన్న గుండీని పైకి తిప్పినవారు ఎవరు?

జగన్నాథం: అది కరెంటుతో నడిచేది. నా శాఖలోకి వస్తుంది.