సోప్రానోకి చెమ్మ తగలరాదు

కోనసీమలో పరువైన మనిషి అనిపించుకోడానికి ఇకమీదట నాలుగెకరాల కొబ్బరితోట, రెండు రొయ్యల చెరువులు, సంక్రాంతికి ఒక డేగ పుంజు చాలవు. బీరువా నిండా పాత ఇటాలియన్ ఒపెరా (పాటలతోనే నడిచే నాటకం) ఎల్పీలు, అదే పెద్ద గ్రామఫోను ప్లేట్లు, ఉండి తీరాలి. భాష రాదే అన్న బెంగ అక్కర్లేదు. తెల్లవార్లూ చాపల మీద కూర్చుని పద్యనాటకం చూసిన తాతల మనవలం మనం. ఒక్క అచ్చు పట్టుకుని రాగం సాగదీయడం, చచ్చిపడ్డ పాత్ర ‘వన్స్‌మోర్’ వినబడగానే లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావడం మనకేం కొత్త? కత్తిపోటు తిన్న టెనార్ (పైస్థాయి గొంతు మగ గాయకుడు) తాపీగా పాడి పోతుంటే నవ్వే హక్కు డెల్టాలో ఎవరికీ లేదు.

ముందు ప్లేట్లు తిప్పే యంత్రం, అదే టర్న్‌టేబుల్, సంగతి తేల్చాలి. శాస్త్రం ప్రకారం అది అమెరికా నుంచి వచ్చే బావమరిది సూట్‌కేసులోనే రావాలి. అది 110 వోల్టులది కాబట్టి ఓ ట్రాన్స్‌ఫార్మర్ తగిలిస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మారుస్తుంది, హెర్ట్జ్ (కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) జోలికి పోదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఏసీ సింక్రనస్ మోటారు (హెర్ట్జ్‌ని బట్టి తిరిగేది) ఉన్న టర్న్‌టేబుల్ అయితే అక్కడ ఆరు చుట్లు తిరిగే వేళకి ఇక్కడ అయిదే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ తిరగాల్సిన ప్లేటు 28 లోపే తిరుగుతుంది. హార్మోనియం లెక్కలో చెప్పాలంటే అయిదు శ్రుతిలో పాడినవాడు మూడు శ్రుతికి జారాడు. టెనార్ బారిటోన్ (అంతకంటే కింది గొంతువాడు) అవుతాడు, కథానాయిక సోప్రానోలోకి (ఆడవాళ్ళ పైస్థాయి గొంతు) ఆవిడ అత్తగారు ప్రవేశిస్తుంది. సేకర్త మాత్రం కళ్ళు మూసుకుని, “ఏం గాంభీర్యమండీ!” అంటాడు.

అనుమానం వచ్చి వేగం కొలిచాడే అనుకోండి, అసలు తమాషా అప్పుడుంది. యంత్రంతో పాటు వచ్చిన అమెరికా స్ట్రోబ్ చక్రానికి (వేగం కొలిచే గీతల బిళ్ళకి) 216 గీతలుంటాయి. కరెంటుతో పాటే మిణుకుమనే, చోకు ఉన్న పాత ట్యూబులైటు కింద పెడితే గీతలు కదలకుండా నిలబడి, తప్పుడు వేగానికే సర్టిఫికెట్టు ఇస్తాయి. చక్రమూ 60కి చేసిందే, మరి దొంగకి దొంగ సాక్ష్యం కాదూ! మన కరెంటుకి 180 గీతల చక్రం కావాలి. మోటారు ఇరుసుకి అయిదో వంతు లావైన పుల్లీ వేస్తే రోగం కుదురుతుంది. కుదిర్చితే గాంభీర్యం పోతుందని చాలామంది వెయ్యరు.

ఇక బూజు. తొలకరి నుంచి కార్తీకం దాకా మన గాలి పిండితే నీళ్ళొస్తాయి. బూజు వినైల్‌ని, అంటే ఎల్పీ ప్లాస్టిక్‌ని, తినదు. లోపలి కాగితం కవరునీ, వేలిముద్రల జిడ్డునీ తిని గాడిలోకి పాకుతుంది. అప్పుడు ఏ పాటకైనా వెనక పోపు వినిపిస్తుంది. కాగితం కవర్లు తీసేసి పాలిథీన్‌వి వేయాలి. కలరా ఉండలు పెట్టేవాళ్ళకి టోస్కా (పుచ్చిని ఒపెరా కథానాయిక) తాలూకు పట్టుచీర వాసన తప్ప ఏమీ మిగలదు. కడగడానికి ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నాలుగు వంతులు ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్, లీటరుకి రెండు చుక్కలు అంట్ల లిక్విడ్. తరవాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. బోరునీళ్ళు పోస్తే, ముఖ్యంగా సముద్రం పక్క ఊళ్ళలో, గాడి నిండా ఉప్పు తేలుతుంది. వడియాల పక్కన ఎండబెడితే అప్పడం తయారు.

ఈ మందు 78 ప్లేట్లకి (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతవాటికి) పనికిరాదు, అవి లక్కవి. 1902లో మిలాన్ హోటల్ గదిలో ఇటాలియన్ టెనార్ కరూసో చేత పాడించిన రికార్డింగు మనిషి గైస్‌బర్గే అదే ఏడు కలకత్తా వచ్చి హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ గొంతు పట్టాడు. ఇద్దరివీ లక్క ప్లేట్లే. లక్క స్పిరిట్‌లో కరిగితే వడ్రంగి బల్లలకి పూసే పాలిష్ అవుతుంది. కరూసోని తలుపుకి పూసుకోవాలని ఉంటే తప్ప ఆల్కహాల్ ముట్టించకండి.

వినడం అంటారా? అది సేకర్త లక్షణం కాదు. మూడు ప్లేట్ల పాత పెట్టెల్లో, ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడే చేంజర్ కోసం, మొదటి ప్లేటు వెనక ఆరో వైపు ఉంటుంది. తెలియక తిరగేస్తే, హీరోయిన్ ప్రేమలో పడకముందే చచ్చిపోతుంది. పైగా అంచున ముల్లు కింద సెకనుకి 50 సెంటీమీటర్ల గాడి నడిస్తే, లేబుల్ దగ్గర 20 సెంటీమీటర్లే. స్వరకర్తలు అరుపులూ చావులూ సరిగ్గా అక్కడికే తెచ్చిపెట్టారు, అందుకే చావు ఎప్పుడూ బొంగురే. అదీగాక, సోప్రానో మరియా కాలాస్ పాడిన 1953 టోస్కా మోనో (ఒకే వరస ధ్వని). స్టీరియో (ఎడమా కుడీ వేరువేరు ధ్వని) అని అమ్మేవాడు మోనోనే సాగదీసింది చూపిస్తున్నాడు. కండక్టర్ షోల్టీ వియన్నాలో 1958 నుంచి 65 దాకా నడిపిన రింగ్ (వాగ్నర్ నాలుగు ఒపెరాల వరస) 19 ప్లేట్లు. సీలు తీయకపోతేనే విలువ.

మీటరు వరస ఎల్పీలు 50 కిలోలకి తగ్గవు కాబట్టి ప్లైవుడ్ అర వద్దు, టేకే. నిలువుగానే పెట్టాలి. వరదకి మాత్రం రాతపూర్వకంగా నియమావళి ఉండాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇవ్వగానే కింది అర ఖాళీ. 13.75కి పెట్టెలన్నీ మేడమీదికి. 17.75కి మూడో హెచ్చరిక వస్తే పడవలోకి ముందు రికార్డులు, నిలువుగా, నీడలో. మనుషుల్ని ఎలా పడుకోబెట్టినా వంగిపోరు, మిగిలిన జాగాలో సర్దొచ్చు.